కార్బొనేట్‌తో కడిగినా జిర్కోనియం వదలకపోతే

వాడేసిన అణు ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియంలను లాగే ద్రావణి టీబీపీ (ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్); దాన్ని డోడెకేన్ అనే నూనెలో కలిపి వాడతారు. గామా కిరణాలు తగిలిన 30 శాతం టీబీపీ–డోడెకేన్‌ను సోడియం కార్బొనేట్‌తో కడిగినా జిర్కోనియం ఇంకా పట్టుకునే ఉందని మీరన్నారు. తప్పు మీ కడగడంలో ఉందనుకోను.

రేడియేషన్‌కి టీబీపీలో ఒక బ్యూటైల్ గుంపు ఊడితే డైబ్యూటైల్ ఫాస్ఫేట్, రెండోదీ ఊడితే మోనోబ్యూటైల్ ఫాస్ఫేట్ వస్తాయి. జిర్కోనియం, నాలుగో వేలెన్సీ ప్లుటోనియం డైబ్యూటైల్‌కి జిగురులా అంటుకుంటాయి. నూనె, నీటి పొరల మధ్య తెల్లటి తెట్టు కనిపించిందా? అది చాలావరకు ఈ జిర్కోనియం లవణమే. డైబ్యూటైల్, మోనోబ్యూటైల్ ఫాస్ఫేట్లు ఆమ్లాలు కాబట్టి సోడియం లవణాలుగా మారి కార్బొనేట్‌లోకి దిగిపోతాయి, వాటితో పేచీ లేదు.

అసలు తలనొప్పి డోడెకేన్‌ది. అందరూ టీబీపీనే తిడతారు గానీ, నైట్రిక్ ఆమ్లం సమక్షంలో డోడెకేన్ కూడా చెడి నైట్రో సమ్మేళనాలు, కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఇస్తుంది. టీబీపీ ముక్కలతో కలిసి పొడవాటి గొలుసు ఫాస్ఫేట్లూ పుడతాయి. నూనెను వదలని ఇలాంటివి కార్బొనేట్‌కి లొంగవు. ఫ్రాన్స్‌లోని లా హేగ్ అణు ఇంధన శుద్ధి కర్మాగారంలో ద్రావణిని తక్కువ పీడనంలో స్వేదనం చేసేది ఇందుకే.

ముందు రేడియేషన్ తగలని టీబీపీని అదే పద్ధతిలో కడిగి పోల్చండి. తేడా నిజమైతే, కడిగిన ద్రావణిని అల్యూమినా కాలమ్‌లో (అలాంటి మిగులు పదార్థాలను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ పొడి నింపిన గొట్టం) పోనిచ్చి, జిర్కోనియం పట్టును మళ్లీ కొలవండి.