ట్విలైట్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అలెగ్జాండర్ ట్విలైట్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 'అమెరికాలో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన తొలి నల్లజాతీయుడు' అని మొదలుపెట్టావు. నిజమే. కానీ ఆ 'తొలి' తర్వాతి కాలం వాళ్లు లెక్కలు చూసి ఇచ్చిన పేరు. 1836లో ఆయన వెర్మాంట్ రాష్ట్ర శాసనసభకు ఏ పని మీద వెళ్లాడో అడుగు. బడి డబ్బు కోసం వెళ్లాడు.

ఆ రాష్ట్రంలోని ఆర్లీన్స్ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, గ్రామర్ స్కూలు (కాలేజీకి ముందు చదివే బడి) కోసం కేటాయించిన భూములుండేవి. వాటి కౌలు బ్రౌనింగ్టన్‌లో ట్విలైట్ నడిపే బడికి వచ్చేది. అదే కౌంటీలోని క్రాఫ్ట్స్‌బరీలో ఇంకో బడి పెట్టి ఆ ఆదాయం పంచాలన్నారు. ఈయన వద్దని వాదించాడు, ఓడిపోయాడు. ఒక్క విడతతో శాసనసభ్యత్వం ముగిసింది. దీన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు! నాకైతే వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది. చిన్న పదవిలో ఉన్న మనిషిని ఆయన కొట్లాడిన చిన్న పద్దులోనే చూడాలి.

తోటి సభ్యులు ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నారని ఒక సన్నివేశం రాశావు. ఆధారం ఉంటే చూపించు, లేకపోతే తీసెయ్. ఆయన పడ్డ కష్టానికి మనం కల్పించి కలపాల్సిన అవసరం లేదమ్మా. చిన్నప్పుడే పక్కవాళ్ల పొలంలో ఒప్పందపు కూలీగా చేరాడు. మిగిలిన గడువుకు డబ్బు కట్టి బయటపడి, 1815లో, ఇరవై ఏళ్ల వయసులో, రాండాల్ఫ్‌లో బడిలో చేరాడు. 1823లో మిడిల్‌బరీ కాలేజీ పట్టా అందుకున్నాడు. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు పుస్తకం పట్టుకున్న రోజుల మీద ఇంకాస్త ఆగు.

ఇక ఆ రాతి భవనం. దూరం నుంచి వచ్చే పిల్లలకు హాస్టల్ కట్టాలని అడిగితే ధర్మకర్తలు ఒప్పుకోలేదు. అయినా ఆయన కట్టాడు. నాలుగంతస్తులు, మొత్తం గ్రానైట్. అథీనియన్ హాల్ అని పేరు పెట్టాడు. సభకు వెళ్లిన ఏడాదే అది పూర్తయింది. ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెట్టడం నాకు నచ్చలేదు. పిల్లల కోసం ఇంత పెద్ద ఇల్లు లేపినవాడు కౌలు డబ్బు సగమైపోతుంటే ఊరుకుంటాడా? అక్కడ రాళ్లు పైకెత్తడానికి వాడిన ఎద్దు గురించి ఓ కథ చెప్పుకుంటారు. వాడుకో, కానీ 'అంటారు' అని రాయి.

1847లో బడి వదిలి కెనడా వెళ్లి, 1852లో తిరిగొచ్చాడు. 1857లో పోయాడు. ఈ భాగం క్లుప్తంగానే ఉంచు. ఆ రాతి భవనం ఇప్పుడు మ్యూజియం. వీలైతే వాళ్లకు ఉత్తరం రాసి, బడి నిర్వహణ కాగితాలు ఏం మిగిలాయో అడుగు. అవి వచ్చాక శాసనసభ భాగం మళ్లీ రాసి నాకు పంపు.