కస్టడీ తల్లిది, మాత్రలు వద్దంటున్నది తండ్రి

ప్రశ్న: మాది విజయవాడ. 2022లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. తొమ్మిదేళ్ల బాబు తల్లి దగ్గర ఉంటాడు. రెండో శనివారం, నాలుగో శనివారం నా దగ్గరికి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్తాడు. పోయిన నెల వాడి బ్యాగులో మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు కనిపించాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) అని సైకియాట్రిస్టు రాశారట. నాకు మాటమాత్రం చెప్పలేదు. మందుల షాపులో అడిగితే అది మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందు అన్నారు. ‘పసివాడికి పిచ్చి మందులేంట్రా’ అని మా అమ్మ ఏడుస్తోంది. ఆ రెండు రోజులూ మాత్ర వేయకుండా పంపాను. అది తెలిసి, ఇక బాబును పంపనంటోంది నా మాజీ భార్య. ఆమె మీద, డాక్టరు మీద కేసు పెట్టవచ్చా? మందు ఆపించవచ్చా?

జవాబు: పోలీస్ స్టేషన్ ఆలోచన ముందు మానుకోండి. ఆ మందు మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో ఉన్నమాట నిజమే. ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఎక్స్ కింద కూడా ఉంది. అందుకే డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, షాపువాళ్లు ఒకటి తమ దగ్గర రెండేళ్లు దాచాలి. ఇదంతా మందు పక్కదారి పట్టకుండా పెట్టిన కట్టుబాటు. చీటీ ప్రకారం కొని పిల్లాడికి వేయడం నేరం కాదు. పైగా 12 ఏళ్లలోపు పిల్లల మేలు కోసం, సంరక్షకులు గానీ చట్టప్రకారం వాళ్లను చూసుకుంటున్నవారు గానీ ఒప్పుకోగా సదుద్దేశంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. బాబు ఆమె కస్టడీలో ఉన్నాడు కాబట్టి ఆ రక్షణ ఆమెకూ ఉంది, డాక్టరుకూ ఉంది.

అలాగని మీకు హక్కే లేదనుకోకండి. కస్టడీ వేరు, సంరక్షకత్వం వేరు. మీరు హిందువులనుకుని చెబుతున్నాను: 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడంటుంది, ‘ఆయన తర్వాత’ తల్లిని. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ ‘తర్వాత’కు తండ్రి పోయాక అనే కాదు, ఆయన పట్టించుకునే స్థితిలో లేనప్పుడు అని కూడా అర్థం చెప్పింది. విడాకులతో మీ సంరక్షకత్వం పోలేదు. ఇంత పెద్ద వైద్య నిర్ణయం మీకు చెప్పకుండా తీసుకోవడం ఆమె పొరపాటే. అయితే అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమం ముందు ఇద్దరి హక్కులూ వెనక్కే.

ముందు మీ డిక్రీ, దానికి జతచేసిన రాజీ షరతులు తీసి చదవండి. చదువు, వైద్యం గురించి ఒక వాక్యమైనా ఉండొచ్చు. ‘తల్లి నిర్ణయిస్తుంది’ అని ఉంటే మీ వాదన బలహీనం. ‘ఇద్దరూ సంప్రదించుకోవాలి’ అని ఉంటే బలం మీది. ఏమీ రాసుకోకపోతే (ఖర్చుల లెక్క రాసి మందుల సంగతి మరిచే డిక్రీలే నేను ఎక్కువ చూశాను), డాక్టరును లిఖితపూర్వకంగా అడగండి: ఏ పరీక్షలతో నిర్ధారించారు, స్కూలు నుంచి రిపోర్టు తీసుకున్నారా, ఆకలి, నిద్ర, బరువు, ఎత్తు ఎవరు గమనిస్తున్నారు, మందుతో పాటు ప్రవర్తన శిక్షణ ఇస్తున్నారా. రెండో అభిప్రాయం కూడా కోరవచ్చు. మన ఊళ్లలో ‘ఎర్రగడ్డ’ అనేది తిట్టు అయిపోవడం వల్ల సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. మీ అమ్మగారిని కూడా ఆ డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

అప్పటికీ కుదరకపోతే డిక్రీ ఇచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. కస్టడీ ఉత్తర్వులు రాతిమీద గీతలు కావు, బిడ్డ అవసరాన్నిబట్టి మార్చవచ్చని 1973లోనే రోసీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్య నిర్ణయాలు ఇద్దరికీ తెలియాలని, రిపోర్టులు మీకూ ఇవ్వాలని, వేరే నిపుణుడితో పరీక్ష చేయించాలని అడగండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద జడ్జి వైద్య నిపుణుల సాయం తీసుకోగలరు. ఆ నిపుణుడు కూడా మందు అవసరమే అంటే, తండ్రికి ఇష్టం లేదన్న ఒక్క కారణంతో కోర్టు దాన్ని ఆపుతుందని నేననుకోను.

మీకు ఇబ్బంది తెచ్చేది మీరు ఆపిన ఆ రెండు రోజులే. ఈ మందు సెలవు రోజుల్లో ఆపమని కొందరు పిల్లలకు డాక్టర్లే చెబుతారు. ఏడీహెచ్‌డీకే వాడే అటామాక్సెటిన్ లాంటి వేరే మందులైతే రోజూ వేయాలి. ఏది ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది డాక్టరే. రేపు కోర్టులో ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. మీ విజిటేషన్ తగ్గించమని అడగడానికి ఆమెకు ఆయుధం మీరే ఇచ్చారు.

అయినా బాబును పంపనని ఆమె తనంతట తాను అనడానికి వీల్లేదు. ఉత్తర్వు మారేదాకా అమల్లోనే ఉంటుంది, పంపకపోతే ఉత్తర్వును అమలు చేయించమని మీరు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయవచ్చు. కాకపోతే దానికంటే ముందు ఒక మెసేజ్ పెట్టి చూడండి: ‘డాక్టరు చెప్పిన ప్రకారం మాత్ర వేస్తాను, చీటీ ఫొటో పంపు, డాక్టరును కలవడానికి ఇద్దరం కలిసి వెళ్దాం.’ ఆ మెసేజ్ చెరిపేయకండి, పిటిషన్ వేయాల్సి వస్తే అదే మీ మొదటి డాక్యుమెంటు అవుతుంది. ఈ నాలుగో శనివారం బాబు వస్తే, మాత్ర టైముకు వేయండి.