చనిపోయిన అన్న మీద పత్రిక రాసిన రాతలకు కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య చాలా ఏళ్లు మావోయిస్టు పార్టీలో ఉండి, గత నెల ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. మరునాడే ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో అరపేజీ కథనం వచ్చింది. కోట్లు కూడబెట్టాడని, ఆ డబ్బుతోనే మేము ఇల్లు కట్టుకున్నామని, దళంలో మహిళలను వేధించేవాడని రాశారు. ‘పోలీసు వర్గాలు’ అన్న మాట తప్ప ఆధారం లేదు. మా ఇల్లు బ్యాంకు అప్పుతో కట్టుకున్నది. కేసు వేయవచ్చా? వేస్తే మమ్మల్నీ సానుభూతిపరులంటారని అమ్మ భయపడుతోంది.

జవాబు: వేయవచ్చమ్మా. అయితే కథనంలో ఏ మాట మీద వేయాలో ముందు తేల్చుకోండి. ఆయనను ఉగ్రవాది అన్నారనో, ఆయనపై ఉన్న కేసులు ప్రచురించారనో కోర్టుకు వెళితే నిలవదు. ఆ పార్టీ 2009 నుంచి ‘ఉపా’ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద నిషేధిత ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంది. కోర్టు రికార్డుల్లో ఉన్నది ప్రచురించే హక్కు పత్రికలకు ఉందని సుప్రీంకోర్టు 1994లో ఆటో శంకర్ కేసులో చెప్పింది.

మీ బలమంతా ఇంటి మాటలో ఉంది. అది బతికున్న మీపై వేసిన నింద. దానిపై నష్టపరిహారం దావా వేయవచ్చు, గడువు ప్రచురించిన రోజు నుంచి ఏడాది. భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం నేరానికి సంబంధించిన 356వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదూ చేయవచ్చు. దానికి మూడేళ్ల గడువుంది. బ్యాంకు రుణ పత్రాలు, వాయిదాలు కట్టిన రసీదులు జతచేయండి.

అన్నయ్య తరఫున మాత్రం నష్టపరిహారం అడగలేరు. 356 కింద ఫిర్యాదు చేయవచ్చు గానీ, ఆ రాత కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశంతోనే వచ్చిందని చూపాలి. అది కష్టం. అందుకే ముందు సంపాదకుడికి వాస్తవాలతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. అది అందాక కూడా అదే నింద మళ్లీ అచ్చువేస్తే ఉద్దేశం చూపడం తేలికవుతుంది. ‘పోలీసు వర్గాలు’ అన్నంత మాత్రాన పత్రిక తప్పించుకోలేదు. తగిన జాగ్రత్త లేకుండా చేసిన పనిని చట్టం సద్భావనతో, అంటే నిజాయితీగా చేసిన పనిగా లెక్కించదు. మీ ఇంటికి ఒక్క ఫోను చేసి అడగని విలేకరి ఏ జాగ్రత్త తీసుకున్నట్టు? శ్రీకాకుళం పోరాట కాలం నుంచీ ఇలాంటి మరణాలపై పోలీసుల ప్రకటన ఒకటి, పార్టీ ప్రకటన ఒకటి వెలువడుతూనే ఉన్నాయి. ఒకదానిలో దోపిడీదారు, మరొకదానిలో మచ్చలేని అమరవీరుడు. రెండింటినీ సరిచూడడం విలేకరి పని. జవాబు చెప్పుకోలేని మనిషి విషయంలో ఆ బాధ్యత ఇంకా ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లాలంటే ఆలస్యం చేయకండి. దినపత్రికలపై ఫిర్యాదుకు రెండు నెలలే గడువు. సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు అక్కడా అడుగుతారు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు, అభిశంసించగలదు.

అమ్మగారికి ఇలా చెప్పండి. ‘ఉపా’ 39వ సెక్షన్ ప్రకారం నిషేధిత సంస్థ కార్యకలాపాలను పెంచే ఉద్దేశం ఉంటేనే మద్దతు నేరమవుతుంది. 2021లో త్వాహా ఫసల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఉద్దేశానికే ప్రాధాన్యమిచ్చింది. కుటుంబం పరువు కోసం కోర్టు తలుపు తట్టడం ఆ కోవలోకి రాదు. ఫిర్యాదులో మాత్రం పార్టీ రాజకీయాలను సమర్థించే వాక్యం ఒక్కటీ ఉండకూడదు.

ఎడిషన్ పేరు, తేదీ కనబడేలా ఆ పేజీ మొత్తం భద్రపరచండి. వెబ్‌సైట్‌లోని కథనాన్ని ఎప్పుడైనా మార్చేయగలరు కాబట్టి ఈ రోజే ప్రింటు తీయించి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంతో మీ న్యాయవాదికి అప్పగించండి.