పాఠకుల ప్రశ్నలు: విండోస్‌కూ లినక్స్‌కూ ఒకే డిస్కు ఇవ్వవచ్చా?

ప్రశ్న: తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల నిర్వహణ చూస్తున్నాను. మా దగ్గర బిల్లింగ్ విండోస్ సర్వర్ మీద, ప్రయోగశాల డేటాబేస్ లినక్స్ మీద, పాత రికార్డులు ఐబీఎం వారి ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న యంత్రం మీద నడుస్తున్నాయి. ఒక సర్వర్‌లో డిస్కు నిండిపోతుంటే పక్కదానిలో సగం ఖాళీగా ఉంటోంది. అందుకని అన్నిటికీ కలిపి ఒక ఫైబర్ ఛానల్ స్టోరేజ్ (ప్రత్యేక నెట్‌వర్క్ ద్వారా సర్వర్లకు డిస్కు స్థలం అందించే పెట్టె) కొనాలనుకుంటున్నాము. అందులో ఒకే లన్‌ను (సర్వర్‌కు ఒక డిస్కులా కనిపించే స్టోరేజ్ భాగాన్ని) విండోస్‌కూ లినక్స్‌కూ కేటాయిస్తే స్కానింగ్ చిత్రాలను రెండూ వాడుకోగలవని సరఫరాదారు అంటున్నారు. ఇది సాధ్యమేనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఉమ్మడి స్టోరేజ్ కొనాలన్న మీ ఆలోచన సరైనదే. ఒకే లన్‌ను రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఇవ్వమన్న సలహా మాత్రం ప్రమాదకరమైనది. దయచేసి దానికి ఒప్పుకోకండి.

ఫైబర్ ఛానల్ స్టోరేజ్ సర్వర్‌కు అందించేది ఫైళ్లను కాదు, 512 లేదా 4096 బైట్ల చొప్పున వరుస సంఖ్యలు వేసిన బ్లాకులను మాత్రమే. ఏ బ్లాకులో ఏ ఫైలు ఉందో, ఏది ఖాళీగా ఉందో లెక్క రాసుకునేది సర్వర్‌లోని ఫైల్ సిస్టమ్. విండోస్‌లో ఆ పని ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌లో సాధారణంగా ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఈఎక్స్‌టీ4, ఏఐఎక్స్‌లో జేఎఫ్‌ఎస్2 చేస్తాయి. ఈ ఫైల్ సిస్టమ్‌లలో ప్రతి ఒక్కటీ డిస్కు మొత్తం తన ఒక్కదాని అధీనంలోనే ఉందన్న నమ్మకంతో లెక్కలో కొంత భాగాన్ని సర్వర్ మెమరీలోనే ఉంచుకుంటుంది. ఒకే ఊరికి ఇద్దరు కరణాలు ఒకరికి తెలియకుండా ఒకరు అడంగల్ రాస్తే ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర్లకు ఎక్కినట్లు, రెండు సర్వర్లూ ఒకే బ్లాకును ఖాళీ అనుకుని వేర్వేరు ఫైళ్లను రాసేస్తాయి. రెండూ లినక్స్ సర్వర్లే అయినా, రెండింటిలోనూ ఎక్స్‌ఎఫ్‌ఎస్సే ఉన్నా ఇదే జరుగుతుంది. రెండో సర్వర్‌ను చదవడానికే పరిమితం చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే దాని మెమరీలో ఉన్నది పాత లెక్క.

ఈ చిక్కును తీర్చడానికే, పలు సర్వర్లు ఒకదానితో ఒకటి సంప్రదించుకుంటూ ఒకే డిస్కును వాడుకోనిచ్చే క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు వచ్చాయి. అయితే జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లినక్స్‌కే పరిమితం. విండోస్ క్లస్టర్‌కు దాని పద్ధతి దానికి ఉంది. ఐబీఎం స్టోరేజ్ స్కేల్ వంటివి ఏఐఎక్స్, లినక్స్, విండోస్ మూడింటిలోనూ నడుస్తాయి గాని, వాటికయ్యే ఖర్చు, కావలసిన నైపుణ్యం మీరు చెప్పిన అవసరానికి మించినవని నా అభిప్రాయం.

మీరు చేయవలసింది ఇది. స్థలాన్నంతా ఒకే పూల్‌గా ఉంచి, ఒక్కో సర్వర్‌కు విడిగా లన్‌లు కోసి ఇవ్వండి. స్విచ్‌లో జోనింగ్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌తో మాట్లాడవచ్చో నిర్ణయించడం), స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్ (ఏ లన్ ఏ సర్వర్‌కు కనిపించాలో నిర్ణయించడం) రెండూ తప్పనిసరిగా పెట్టించండి. మాస్కింగ్ లేక లినక్స్ లన్ విండోస్‌కు కనిపిస్తే, డిస్క్ మేనేజ్‌మెంట్ దానిని కొత్త డిస్కుగా భావించి ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది. తెలియక ఓకే నొక్కితే డిస్కు మొదట్లోని సమాచారం చెరిగిపోవచ్చు. అలాగే ప్రతి సర్వర్‌లోనూ మల్టీపాత్ సాఫ్ట్‌వేర్‌ను అమర్చనిదే, రెండు దారుల్లో వచ్చే ఒకే లన్ రెండు డిస్కులుగా కనిపిస్తుంది.

ఇక స్కానింగ్ చిత్రాలు. వీటిని ఫైళ్లుగానే పంచాలి: ఫైల్ సిస్టమ్‌కు ఒకే యజమాని ఉండి, మిగిలినవారు నెట్‌వర్క్ ద్వారా అడిగి తీసుకోవాలి. ఒక నాస్ పరికరం (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచే స్టోరేజ్) గాని, విండోస్‌తో ఫైళ్లు పంచుకోనిచ్చే సాంబా సాఫ్ట్‌వేర్ అమర్చిన ఒక లినక్స్ సర్వర్ గాని అదే డైరెక్టరీని విండోస్‌కు ఎస్‌ఎంబీ ద్వారా, లినక్స్‌కూ ఏఐఎక్స్‌కూ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అందించగలదు (రెండూ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే పద్ధతులే). సన్ సంస్థ ఎన్‌ఎఫ్‌ఎస్‌ను 1984లో తెచ్చింది. సాంబాను ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టారు. రెండూ దశాబ్దాలుగా నలిగినవే, నమ్మదగినవే. విండోస్‌లో తెరిచిన ఫైలుకు పడే తాళాన్ని లినక్స్ ప్రోగ్రాములు చాలావరకు పట్టించుకోవు కనుక, ఒక వైపు నుంచి మాత్రమే రాయనిచ్చి రెండో వైపుకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వడం క్షేమం. అదృష్టవశాత్తు స్కానింగ్ చిత్రం ఒకసారి రాసి పలుసార్లు చూసేదే గనుక మీకు ఇది కష్టం కాదు.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారు మరొకటి గమనించాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 సంకేతాల వరకు ఉండవచ్చు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి అక్కడ 85 సంకేతాలకు మించి పట్టవు, పొడవైన పేరున్న ఫైలు కాపీ కాదు.

ప్రశ్న: ఫైబర్ ఛానల్‌కు బదులు, మామూలు నెట్‌వర్క్ మీద లన్‌లను అందించే ఐస్కజీ (iSCSI) చాలదా? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: చిన్న సర్వర్ గదికి చాలుతుంది. 2004లో ప్రామాణికంగా వెలువడిన ఐస్కజీ మామూలు ఈథర్‌నెట్ మీదనే నడుస్తుంది. విండోస్, లినక్స్, ఏఐఎక్స్ మూడింటిలోనూ దానికి మద్దతు ఉంది. అయితే దానికి వేరే స్విచ్ లేదా కనీసం వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఉంచండి. లన్‌ల విషయంలో పైన చెప్పినదే దీనికీ వర్తిస్తుంది.

ప్రశ్న: పలు డిస్కులను కలిపి వాడే రెయిడ్ 6 పద్ధతి పెట్టుకుంటే వేరే బ్యాకప్ అవసరమా? (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: తప్పకుండా అవసరం. రెయిడ్ 6 రెండు డిస్కులు ఒకేసారి చెడినా సమాచారాన్ని కాపాడుతుంది గాని, పొరపాటున తుడిచిన ఫైలును తిరిగి ఇవ్వలేదు. పైగా అన్ని సర్వర్ల సమాచారమూ ఒకే పెట్టెలోకి చేరినప్పుడు ఆ పెట్టె ఆగితే అన్నీ ఆగుతాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడుల నుంచీ రెయిడ్ కాపాడదు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన అలాంటి వాన్నాక్రై, ఎస్‌ఎంబీ పాత రూపమైన ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే వ్యాపించింది. మీ సర్వర్లలో ఎస్‌ఎంబీ1ను ఆపివేయండి. ఒక ప్రతిని నెట్‌వర్క్‌కు తగిలించకుండా టేపు మీద గాని, విడిగా తీసిపెట్టే డిస్కు మీద గాని ఉంచి, అప్పుడప్పుడు దాని నుంచి ఒక డేటాబేస్‌ను పరీక్ష సర్వర్‌లోకి తిరిగి ఎక్కించి, అది సక్రమంగా తెరుచుకుంటున్నదో లేదో చూడండి.