నెలకో రేజరు, ఏడాదికే చిరిగే చొక్కా: ఏం చేయాలి?

ప్రశ్న: ప్లాస్టిక్ రేజర్లు కొనడం, పారేయడం ఇదే పని అయిపోయింది. ఆఫీసు చొక్కాలేమో ఏడాది తిరక్కుండానే కాలర్ దగ్గర చిరుగుతున్నాయి. కాస్త ఖరీదైనా మన్నేవి ఎలా ఎంచుకోవాలి?

జవాబు: రేజరు సంగతి తేలిక. రెండు వైపులా పదునుండే బ్లేడు పెట్టుకునే లోహపు రేజరు కొనండి, ఇక మార్చాల్సింది బ్లేడు ఒక్కటే, అది ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. కానీ దేనితో చేశారో తప్పకుండా అడగండి. చవక రకాల్లో చాలావరకు జింకు మిశ్రమానికి క్రోమ్ పూత వేసినవే, పూత లేచిందంటే లోపలి లోహాన్ని నీళ్లు తినేసి మర బిగించే చోట పుటుక్కున విరుగుతుంది. ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అయితే ఏళ్లకేళ్లు వస్తుంది.

అసలు జాగ్రత్త చొక్కా దగ్గరే కావాలి. షాపులో ఇస్త్రీ మెరుపు చూసి తీసుకోకుండా లోపలివైపు తిరగేయండి, పక్క కుట్టు దగ్గర గుడ్డ అంచులు మడిచి రెండు వరసలు కుట్టారా, లేక అంచుకి దారం చుట్టే ఓవర్‌లాక్ కుట్టు కొట్టి వదిలేశారా చూడండి, మడిచి కుట్టినదే తీసుకోండి. కాలర్‌ని మెడ రాపిడి, చెమట ఎలాగూ తింటాయి, దాని మీద గట్టి బ్రష్‌తో బరబరా రుద్దితే ఇంకా త్వరగా పోతుంది. కాసేపు సబ్బు రాసి నానబెడితే చాలు. చిరిగినా పారేయకండి, దయచేసి! కాలర్ విప్పి, తిరగేసి కుట్టే దర్జీలు ఇంకా ఉన్నారు, చిరుగు లోపలికి పోతుంది. ఈసారి చొక్కా కుట్టించుకుంటే మిగిలిన గుడ్డ కూడా అడిగి తెచ్చుకోండి, రేపు కొత్త కాలర్ వేయించుకోవడానికి పనికొస్తుంది.