గొంతు నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటే చాలదా, డాక్టర్ దగ్గరకు వెళ్లాలా?

చాలామందికి మాత్రలు కూడా అక్కర్లేదు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. నేను చెప్పేది ఏ లక్షల్లోనో ఒకరికి వచ్చే సంగతి. కాకపోతే ఆ ఒక్కడు మా అక్క కొడుకు.

వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉండేవాడు. గుమ్మడికాయలా నవనవలాడే కుర్రాడు, వాలీబాల్ ఆటగాడు. ఎంగిలి మింగడానికి కూడా లేకుండా గొంతు నొప్పి వచ్చింది. పక్క సందులో మెడికల్ షాపాయన నోరు తెరిపించి చూడకుండానే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ చేతిలో పెట్టాడు. జలుబుకి అదే, దగ్గుకి అదే, ఒళ్లు వెచ్చబడితే అదే. షెడ్యూల్ హెచ్, అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని మందు అని స్ట్రిప్ మీద ఎర్ర గీత వేసి మరీ అమ్ముతారు, చీటీ అడిగినవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు.

గొంతు కాస్త నెమ్మదించింది. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. మంచం ఊగేంత చలి, వణుకు. వార్డెన్ గారు 'వైరల్' అని తేల్చేశారు. ఇంటికి తీసుకొచ్చి రక్తం చూపిస్తే ప్లేట్‌లెట్లు తక్కువ. ఇంకేముంది, డెంగీ! మా బావ ఊరంతా తిరిగి బొప్పాయి ఆకులు కోసుకొచ్చి రసం తీశాడు. మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ తప్ప ఇంకో జబ్బు ఉండకూడదు. టెస్టేమో నెగటివ్. ఈలోగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు కనబడేసరికి టీబీ అన్నారు. అక్క "పెళ్లి కావాల్సిన పిల్లాడు రా" అని ఒకటే ఏడుపు.

పెద్దాసుపత్రికి మారాక ఒక పెద్ద డాక్టర్ గారు వచ్చి ఫైలు పక్కన పెట్టి, "మెడ నొప్పి ఉందా బాబూ? ఏ వైపు?" అని అడిగారు. వాడు ముందు నుంచీ ఎడమ వైపు లాగుతోందని మొత్తుకుంటూనే ఉన్నాడు. దిండు సరిగ్గా లేక పట్టేసిందని ఇంట్లో బామ్ రాశారు. రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ తీస్తే మెడలో ఉండే పెద్ద సిర, జుగులర్ సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. ఉత్త గడ్డ కాదు, చీము పట్టిన గడ్డ. దాని ముక్కలే ఊడిపోయి ఊపిరితిత్తుల్లో చేరాయి. ఎక్స్‌రేలో మచ్చలు అవే.

దీన్ని లెమియర్ సిండ్రోమ్ అంటారట. ఆండ్రే లెమియర్ అనే ఫ్రెంచి డాక్టర్ 1936లో లాన్సెట్ పత్రికలో 20 మంది రోగుల గురించి రాస్తే, వాళ్లలో 18 మంది పోయారు. పెన్సిలిన్ వచ్చాక ఎంత అరుదైపోయిందంటే, డాక్టర్లే 'మరిచిపోయిన జబ్బు' అని పేరు పెట్టుకున్నారు. ముసలివాళ్లకి కాదు, ఎక్కువగా ఈ కాలేజీ వయసు పిల్లలకే వస్తుంది. ఎక్కువ కేసుల్లో కారణం ఫ్యూసోబ్యాక్టీరియం అనే క్రిమి. ఆక్సిజన్ లేని చోట పెరిగే రకం, టాన్సిల్ దగ్గర నుంచి లోపలికి దిగుతుంది.

ఈ క్రిమి మీద అజిత్రోమైసిన్ పెద్దగా పనిచేయదు. "అయితే ఆ మాత్రల వల్లే ఇంత దూరం వచ్చిందా?" అని అడిగితే డాక్టర్ గారు "అలా అని చెప్పలేం" అన్నారు. నేను మాత్రం చెప్పగలను. ఆ స్ట్రిప్పే లేకపోతే వాడు మర్నాడే ఎవరో ఒక డాక్టర్‌కి చూపించుకునేవాడు.

వారాల తరబడి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కాయి, మెట్రోనిడజోల్ కూడా. రక్తం పలచబడే మందు ఇవ్వాలా వద్దా అని ఇద్దరు డాక్టర్లు మా ముందే వాదించుకున్నారు. ఆ విషయంలో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదట. చివరికి ఇచ్చారు. వాడిప్పుడు బాగానే ఉన్నాడు, సప్లీలు రాసుకుంటున్నాడు. హాజరు తక్కువైందని ఆసుపత్రి కాగితాలు చూపించినా కాలేజీ వాళ్లు కండొనేషన్ ఫీజు కట్టించుకున్నారు, అది వేరే గోల.

మీ ప్రశ్నకి వస్తే, మామూలు గొంతు నొప్పికి కంగారు పడకండి. కానీ గొంతు నొప్పి వచ్చిన వారం పది రోజుల్లో వణుకుతో జ్వరం తిరగబెట్టినా, మెడ ఒక పక్కనే నొప్పో వాపో ఉన్నా, ఆయాసం వచ్చినా, సాయంత్రం క్లినిక్ టోకెన్ కోసం కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లాక గొంతు నొప్పి సంగతి కూడా చెప్పండి, అది తగ్గిపోయినా సరే.