ఓడ మీద సెమిస్టర్: మొదటి రోజే చూసుకోవలసినవి

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో బీఎస్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే సెమిస్టర్ ‘సెమిస్టర్ ఎట్ సీ’ ఓడ మీద చదువుతానంటోంది. ఇది చదువా, విహారమా? ఓడ ఎక్కిన మొదటి రోజు ఎలా ఉంటుంది? మేము ఎలా సిద్ధం చేయాలి? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇది చదువే. 1963లో మొదలైన ఈ కార్యక్రమానికి 2016 నుంచి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ విద్యాపరమైన బాధ్యత వహిస్తోంది. విద్యార్థులకు క్రెడిట్లు ఆ విశ్వవిద్యాలయం పేరు మీదే వస్తాయి. సుమారు వంద రోజుల ప్రయాణంలో ఓడ సముద్రం మీద ఉన్న రోజుల్లో తరగతులు జరుగుతాయి, రేవులో ఆగిన రోజుల్లో జరగవు. అయితే ప్రతి కోర్సుకూ ఏదో ఒక రేవులో ఒక రోజు క్షేత్ర అధ్యయనం ఉంటుంది, దానికి హాజరు కావడం తప్పనిసరి. నౌకా ఉద్యోగానికి ఇది దారి అని కొందరు తల్లిదండ్రులు పొరబడుతుంటారు. మర్చంట్ నేవీలో చేరాలంటే కేంద్ర ప్రభుత్వ నౌకాయాన సంస్థ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తించిన శిక్షణ వేరే తీసుకోవాలి. దానికీ దీనికీ సంబంధం లేదు.

మొదటి రోజు గురించి అడిగారు. ఆ రోజు చదువు ఉండదు గాని, తర్వాతి మూడు నెలల చదువు ఎలా సాగుతుందన్నది చాలావరకు ఆ రోజే తేలిపోతుందని నేను నమ్ముతాను. రేవులో సామాను తనిఖీ, పత్రాల పరిశీలన, ఓడ గుర్తింపు కార్డు తీసుకోవడం, గది వెతుక్కోవడం, అంతకుముందు ముఖపరిచయం కూడా లేని సహవాసితో ఇరుకైన అలమరలో చోటు పంచుకోవడం, వీటితోనే సగం రోజు గడిచిపోతుంది. ఇప్పుడు వాడుతున్న ‘వరల్డ్ ఒడిస్సీ’ 1998లో ‘డాయిచ్‌లాండ్’ అనే పేరుతో జర్మనీలో కట్టిన ఓడ. సుమారు 175 మీటర్ల పొడవున్న ఆ ఓడలో కొత్తగా అడుగుపెట్టినవారికి ఏ నడవా ఎటు పోతుందో అంత తేలికగా అంతుపట్టదు.

ఆ తర్వాత జరిగే అత్యవసర కసరత్తును మీ అమ్మాయి శ్రద్ధగా చేయాలి. ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడవాటి కూత వినిపిస్తే అందరూ లైఫ్ జాకెట్లతో తమకు కేటాయించిన చోట చేరాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహార నౌకకు ప్రమాదం జరిగినప్పుడు, అంతకు కొద్ది గంటల ముందే ఎక్కిన ప్రయాణికులకు ఆ కసరత్తు ఇంకా జరగలేదు. అందుకే ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, దాన్ని జరపాలన్న అంతర్జాతీయ నిబంధన 2015 నుంచి అమలులోకి వచ్చింది. అది ముగిశాక గది తలుపు నుంచి ఆ చోటికి ఒకసారి తానే నడిచి, ఎన్ని మెట్లు ఎక్కాలో, ఎక్కడ మలుపు తిరగాలో గుర్తు పెట్టుకోమనండి. చీకట్లో అక్కరకు వచ్చేది ఆ నడకే.

రాత్రికి అసలు పరీక్ష మొదలవుతుంది. నా సలహాతో ఇటువంటి ప్రయాణం చేసిన ఒక విద్యార్థిని, బల్ల మీది గ్లాసులో నీళ్లు ఒక పక్కకు ఒరిగి మళ్లీ నెమ్మదిగా రెండో పక్కకు రావడం చూస్తూ పడుకున్నానని, తెల్లవారేసరికి తల ఎత్తలేకపోయానని చెప్పింది. కడుపులో తిప్పడం మొదలయ్యాక మందు వేసుకుంటే అంతగా పనిచేయదు. వైద్యుని సలహాతో ముందే వేసుకోవాలి. కడుపు ఖాళీగా ఉంచకుండా కొద్దికొద్దిగా తినడం, ఓడ మధ్య భాగంలో కింది అంతస్తుల్లో కూర్చోవడం, బయటికి వచ్చి దిగంతం మీద చూపు నిలపడం మేలు చేస్తాయి. ఊపు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోన్ తెర వంక చూస్తూ ఉండకూడదు. తూర్పుగా వెళ్లే ఓడలో గడియారాన్ని కొన్ని రాత్రుల్లో గంట ముందుకు జరుపుతారు. నిద్ర తగ్గినా ఉదయపు తరగతి మాత్రం సమయానికే ఉంటుంది.

ఇక కెరీర్ విషయం. ఓడ మీద మానవీయ, సామాజిక, వాణిజ్య శాస్త్రాల కోర్సులు ఎక్కువ; కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నత స్థాయి కోర్సులు దొరుకుతాయని ఆశించవద్దు. డిగ్రీకి ఎలాగూ కావలసిన జనరల్ ఎడ్యుకేషన్ (ప్రధాన విషయానికి బయటి సాధారణ కోర్సుల) క్రెడిట్లను ఇక్కడ పూర్తి చేస్తే కాలం వృథా కాదు. ఏ కోర్సు దేనికి సరిపోతుందో ఆమె విశ్వవిద్యాలయంలోని అడ్వైజర్ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. మేజర్ (ప్రధాన విషయం) కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి చదవవలసిన వరుసలో ఉండి, ఒక సెమిస్టర్ తప్పితే ఏడాది ఆలస్యమయ్యే పరిస్థితి ఉంటే మాత్రం ఈ ప్రయాణం వద్దనే నా అభిప్రాయం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి పత్రాల పని ఎక్కువ. అమెరికన్ సహాధ్యాయులు వీసా లేకుండా దిగే రేవుల్లో కొన్నింటికి మీ అమ్మాయి ముందుగానే వీసా తీసుకోవలసి ఉంటుంది. తిరిగి అమెరికాలో ప్రవేశించే నాటికి ఎఫ్-1 (విద్యార్థి) వీసా గడువు, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం చెల్లుబాటులో ఉన్నాయా, ఓడ మీద ఉన్నంతకాలం విద్యార్థి హోదా ఎలా కొనసాగుతుంది అన్నవి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో నెలల ముందే అడగాలి. ఈ ఒక్క పని ఆలస్యమైతే మిగతా సన్నాహమంతా నిష్ఫలం.

పచ్చళ్లు, పొడులు కట్టి పంపాలనుకుంటే, ఓడలోకి ఏవి అనుమతిస్తారో ముందే కనుక్కోండి. తీరం దాటాక ఫోన్ ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకుంటే భారీగా బిల్లు వస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచమనండి. రేవులో ఉండగానే ఇంటికి ఒకసారి ఫోన్ చేయమనండి. సముద్రం మధ్యలో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటుందని, రెండు మూడు రోజులు కబురు రాకపోయినా కంగారు పడనక్కర లేదని ఇంట్లో పెద్దవాళ్లకూ ఇప్పుడే చెప్పి ఉంచండి.